నెల తప్పకముందే చూడాలా, ఆగి చూడాలా: ఇంటి కిట్, ఆశా కిట్, రక్తపరీక్ష, స్కానింగ్‌లలో ఎవరికి ఏది

నెలసరి రావలసిన తేదీకి ఇంకా నాలుగు రోజులుండగానే మందుల షాపులో గర్భ నిర్ధారణ కిట్ కొనుక్కుని, మరునాడు తెల్లవారుజామున రెండు గీతలకు (గర్భం ఉందనడానికి గుర్తు) బదులు ఒక్క గీత చూసి దిగులుపడి, సాయంత్రానికల్లా ఇంకో కంపెనీ కిట్ తెప్పించుకునే వారు అమలాపురంలోనూ ఉన్నారు, భీమవరంలోనూ ఉన్నారు. వారందరి ప్రశ్నా ఒకటే: ఏ కిట్ మంచిది? కిట్ల మధ్య తేడా మనం అనుకునేంత లేదనీ, ఏ రోజున చూశామన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందనీ నా అభిప్రాయం. అయితే ఆగడం అందరికీ ఒకేలా సాధ్యపడదు. మూర్ఛకు మందులు వాడుతున్న స్త్రీకి, గతంలో గర్భాశయంలో కాక ట్యూబులో (అండం వచ్చే నాళంలో) గర్భం వచ్చి ఆపరేషన్ అయిన స్త్రీకి, పిల్లల కోసం చికిత్స తీసుకుంటున్న దంపతులకు ఒక వారం చాలా పెద్దది. అందుకే ఏ మార్గం ఎవరికి తగినదో విడివిడిగా చూడవలసి వస్తుంది.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసింది రోజు. అండం విడుదలై ఫలదీకరణ జరిగినా, ఆ పిండం గర్భాశయపు గోడను అంటుకునే వరకు ఏ పరీక్షకూ దొరికే గుర్తు తల్లి శరీరంలో ఉండదు. అంటుకోవడం చాలామందిలో అండం విడుదలైన తరువాత 8, 9, 10 రోజుల్లో జరుగుతుంది, కొందరిలో 12వ రోజు దాకా పోతుంది. అంటుకున్న తరువాతనే హెచ్‌సీజీ అనే హార్మోను రక్తంలోకి, రక్తం నుంచి మూత్రంలోకి చేరుతుంది, తొలి వారాల్లో అది రెండు మూడు రోజులకొకసారి సుమారుగా రెట్టింపవుతూ పోతుంది.

గోదావరి వరదలు చూసినవారికి ఈ వరుస కొత్తదేమీ కాదు. భద్రాచలం వద్ద 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిన తరువాత కూడా, ఆ నీరు దిగువకు చేరి ధవళేశ్వరం వద్ద 11.75 అడుగుల మొదటి హెచ్చరిక మట్టాన్ని తాకడానికి వ్యవధి పడుతుంది. ఆ మధ్యలో ధవళేశ్వరం మట్టం ఒక్కటే చూసి వరద లేదని నిశ్చింతగా పడుకునే లంకవాసి (నది మధ్య దీవుల్లో ఉండేవారు) ఎవరూ ఉండరు. హెచ్‌సీజీ విషయంలో రక్తం భద్రాచలం వంటిది, మూత్రం ధవళేశ్వరం వంటిది.

దీన్ని అంకెల్లో చూస్తే కిట్ల సంగతి కూడా తేలిపోతుంది. మన మందుల షాపుల్లో దొరికే కిట్లలో ఎక్కువ భాగం మూత్రంలో మిల్లీలీటరుకు 25 మిల్లీ అంతర్జాతీయ యూనిట్ల హెచ్‌సీజీ ఉంటే గీత చూపిస్తాయి. మరింత సున్నితమైనవిగా అమ్మేవి 10 యూనిట్లకే చూపిస్తాయి. ఒక స్త్రీలో ఈ రోజు 3 యూనిట్లున్నాయనుకుందాం. రెండు రోజులకు 6, నాలుగు రోజులకు 12, ఆరు రోజులకు 24, ఎనిమిది రోజులకు 48 అవుతాయి. సున్నితమైన కిట్ నాలుగో రోజున పట్టుకుంటే మామూలు కిట్ ఆరో రోజు దాటగానే పట్టుకుంటుంది. రెండింతలకు మించి డబ్బు పెట్టి కొన్న కిట్ మనకు మిగిల్చేది రెండు మూడు రోజులు మాత్రమే.

నెల తప్పిన మొదటి రోజున చూస్తే ఎంత నమ్మవచ్చు? 2001లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, నెలసరి రావలసిన రోజు నాటికి సుమారు 10 శాతం గర్భాల్లో పిండం ఇంకా గోడను అంటుకోనే లేదు. అంటే ఎంత గొప్ప కిట్ అయినా ఆ రోజున 90 శాతానికి మించి పట్టుకోలేదు. వారం ఆగితే ఆ హద్దు 97 శాతానికి పెరుగుతుంది. పెట్టె మీద ముద్రించే “99 శాతం కచ్చితత్వం” అన్న మాట, మూత్రంలో చాలినంత హెచ్‌సీజీ ఉన్నప్పుడు ప్రయోగశాలలో కిట్ ఎలా పనిచేసిందో చెప్పేది. మీరు తొందరపడి చూసిన రోజుకు అది వర్తించదు.

రోజు తరువాత చూసుకోవలసినవి మూడు ఉన్నాయి. మూత్రం చిక్కగా ఉందా, పలచగా ఉందా అన్నది ఒకటి. ఈ పరీక్ష సంగతి ఎవరికి తెలిసినా ఫరవాలేదు, ఎవరికి తెలియకూడదు అన్నది రెండోది. చిన్న ఊళ్ళలో డబ్బు కన్నా ఇదే పెద్ద ప్రశ్న. ఫలితం తెలిశాక మీరు వెంటనే చేయబోయే పని ఏదైనా ఉందా అన్నది మూడోది. అటువంటి పని ఏదీ లేనప్పుడు నాలుగు రోజులు ముందు తెలుసుకోవడం వల్ల ఒరిగేది తక్కువ, పైగా ఒక నష్టం కూడా ఉంది. అంటుకున్న పిండాల్లో కొన్ని కొద్దిరోజులకే నిలవకుండా పోతాయి. పూర్వం అటువంటివి నెలసరి రెండు రోజులు ఆలస్యమైనట్టు కనిపించి, ఎవరికీ తెలియకుండా గడిచిపోయేవి. ఇప్పుడు ముందుగా చూసినవారికి అవి రెండు గీతలై కనిపించి, తరువాత రక్తస్రావమై, గుండెలో ముల్లులా మిగిలిపోతున్నాయి.

| మార్గం | ఎప్పటినుంచి నమ్మవచ్చు | ఎక్కడ | ఖర్చు | చెప్పలేనిది |
|---|---|---|---|---|
| మామూలు కిట్ (25 యూనిట్లు) | నెల తప్పిన రోజు నుంచి. వారం ఆగితే మేలు | మందుల షాపు | సాధారణంగా 100 రూపాయల లోపు | గర్భం ఎక్కడుంది, ఎన్ని వారాలు |
| సున్నితమైన కిట్ (10 యూనిట్లు) | రెండు మూడు రోజుల ముందు నుంచి, కొందరిలోనే | పెద్ద షాపులు, ఆన్‌లైన్ | మామూలు దాని కన్నా ఎక్కువ | పైవన్నీ. నిలుస్తుందో లేదో కూడా |
| ఆశా ద్వారా నిశ్చయ్ కిట్ | నెల తప్పిన తరువాత | ఆశా కార్యకర్త, ఉపకేంద్రం | ఉచితం | పైవన్నీ |
| రక్తంలో బీటా హెచ్‌సీజీ | నెలసరి తేదీకి కొద్దిరోజుల ముందు నుంచి | ల్యాబు | కొన్ని వందల రూపాయలు | ఒక్కసారి చేస్తే గర్భం ఎక్కడుందో, సవ్యంగా ఉందో |
| స్కానింగ్ | ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 5–6 వారాల తరువాత | నమోదైన స్కానింగ్ కేంద్రం | ప్రైవేటులో అన్నిటికన్నా ఎక్కువ | తొందరపడి వెళితే ఏమీ కనిపించకపోవచ్చు |

మందుల షాపు కిట్: పుల్ల, పెట్టె, కలం

షాపుల్లో మూడు రూపాలు దొరుకుతాయి. మూత్రంలో ముంచే సన్నని కాగితపు పట్టీ అన్నిటికన్నా చవక. ప్రెగా న్యూస్, ఐ-కెన్ వంటి పేర్లతో ఎక్కువగా అమ్ముడయ్యేది చిన్న ప్లాస్టిక్ పెట్టె. దానిలోని గుంటలో డ్రాపర్‌తో మూడు చుక్కలు వేయాలి. నేరుగా మూత్రధార కింద పట్టుకునే కలంలాంటిది అన్నిటికన్నా ఖరీదు. లోపల జరిగేది మూడింటిలోనూ ఒకటే: హెచ్‌సీజీని పట్టుకునే రంగు కణాలు కాగితం వెంట పాకి, టి అనే చోట ఆగితే గీత పడుతుంది. కాబట్టి కలానికి పెట్టే అదనపు డబ్బు గిన్నె అక్కరలేని సౌకర్యానికే పోతుంది. చేతులు వణికే వారికి, చుక్కలు లెక్కపెట్టడం చిరాకనిపించే వారికి అది తగినది కావచ్చు. మిగిలినవారికి నేను పెట్టెనే సూచిస్తాను. పట్టీని గీత దాటి లోతుగా ముంచేసే పొరపాటు దానితో జరగదు.

చేసే పద్ధతి తేలిక గనుకనే తప్పులు ఎక్కువ. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రం చిక్కగా ఉంటుంది కనుక, ముఖ్యంగా నెల తప్పిన మొదటి రోజుల్లో, దానినే వాడాలి. ఉక్కపోతకు తట్టుకోలేక రాత్రి రెండు కొబ్బరిబొండాలు, చెంబెడు మజ్జిగ తాగి పడుకుంటే తెల్లారి మూత్రం కూడా పలచబడుతుంది, ఉన్న గీత కూడా పడకపోవచ్చు. రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో రాత్రి షిఫ్టుకు వెళ్ళే స్త్రీలకు “ఉదయం” అన్న మాట సరిపోదు. వారు పని ముగించి పడుకుని లేచిన తరువాత వచ్చే మొదటి మూత్రాన్ని, లేదా కనీసం నాలుగు గంటలు ఆపుకున్న తరువాతి మూత్రాన్ని తీసుకోవాలి.

కిట్‌ను బల్లపరుపుగా ఉన్నచోట పెట్టి, గడియారం చూసుకుని, అట్ట మీద రాసిన సమయానికే చదవాలి. చాలా కిట్లకు అది అయిదు నిమిషాలు. సి దగ్గర గీత పడకపోతే ఆ కిట్ పనిచేయలేదని అర్థం, టి దగ్గర ఏమున్నా లెక్కలోకి రాదు. సి, టి రెండింటి దగ్గరా గీతలు పడి, టి గీత ఎంత లేతగా ఉన్నా అందులో రంగు ఉంటే, సమయంలోపు వచ్చి ఉంటే, దాన్ని గర్భంగానే తీసుకుని రెండు రోజుల తరువాత మరోసారి చూసుకోవాలి. సమయం దాటి ఆరిపోయిన కిట్ మీద రంగు లేని బూడిద చార ఒకటి కనిపిస్తుంది. దానికి ఏ అర్థమూ లేదు. మా బంధువుల ఇంట్లో ఒకామె ఉదయం ఒక్క గీతే చూసి కిటికీలో వదిలేసిన కిట్‌ను మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ తీసి చూడగా రెండో గీత లీలగా కనిపించింది. సాయంత్రానికి వీధంతా పూతరేకులు పంచారు. నాలుగో రోజున నెలసరి వచ్చింది. అత్తగారికి సర్దిచెప్పడానికి పట్టిన కాలం నెలసరి బాధ కన్నా ఎక్కువ.

మన డెల్టాకు ప్రత్యేకమైన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈ కిట్లను 30 డిగ్రీలు మించని చోట, తడి తగలకుండా ఉంచాలని అట్టల మీదే రాసి ఉంటుంది. రోహిణీ కార్తెలో రేకుల షెడ్డు కింద నడిచే దుకాణంలో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, వానాకాలంలో గాలిలోనే నీళ్ళుంటాయి. కాబట్టి ఫ్యాను, ఏసీ ఉన్న షాపులో, గడువు తేదీ చూసి, పొట్లం ఎక్కడా ఉబ్బకుండా, చిరగకుండా ఉన్నది తీసుకోవడం మంచిది. నాలుగైదు ముందే కొని బీరువాలో దాచుకోవడం, ఫ్రిజ్‌లో పెట్టి తీసి వెంటనే విప్పడం రెండూ తప్పే. చల్లటి పొట్లం విప్పగానే చెమ్మ పట్టేస్తుంది. చూసే నిమిషంలోనే పొట్లం చింపాలి. లోపలి చిన్న సిలికా సంచి తడిని పీల్చడానికి పెట్టినది, దాన్ని పారేయాలి.

జ్వరానికి వాడిన యాంటీబయాటిక్, గ్యాస్ మాత్ర, గర్భనిరోధక మాత్ర, ఇవేవీ ఫలితాన్ని మార్చవు. అండం విడుదల కావడానికి వైద్యులు ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఒక్కటే అందరూ గుర్తుంచుకోవలసినది. అది వేసుకున్న పది పద్నాలుగు రోజుల వరకూ గర్భం లేకపోయినా రెండు గీతలు పడవచ్చు.

ఉప్పు, పంచదార, టూత్‌పేస్ట్ కలిపి నురగ చూసే పద్ధతుల గురించి ఎక్కువ రాయను. వాటిలో ఏదీ హెచ్‌సీజీని గుర్తించదు. నురగ మూత్రానికి, ఆ పదార్థానికి మధ్య జరిగే చర్య వల్ల వచ్చేది మాత్రమే.

“ఆరు రోజుల ముందే” అనే కిట్లు

ఆన్‌లైన్‌లో దొరికే కొన్ని కిట్ల మీద నెల తప్పడానికి ఆరు రోజుల ముందే తెలుస్తుందని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి: అంత ముందుగా చూస్తే గర్భాల్లో కొన్నిటినే పట్టుకుంటుందని, రోజు గడిచే కొద్దీ ఆ భాగం పెరుగుతుందని అక్కడే ఉంటుంది. పైన వేసిన లెక్క ప్రకారం ఇది సహజమే. ఈ కిట్‌లో రెండు గీతలు పడితే నమ్మవచ్చు. ఒక్క గీతే పడితే “ఇంకా తెలియదు” అని మాత్రమే అర్థం. ఒక్క గీతను “లేదు” అని చదివి, ఆ ధైర్యంతో పొట్ట ఎక్స్‌రే తీయించుకోవడమో, పాత మందులు మళ్ళీ మొదలుపెట్టడమో చేసేవారికి ఈ కిట్ మేలు కన్నా కీడే చేస్తుంది. ముందుగా తెలిస్తే ఫలానా పని చేస్తానని స్పష్టంగా చెప్పగలిగిన వారికే నేను దీన్ని సూచిస్తాను.

ఆశా తెచ్చే ఉచిత కిట్

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద నిశ్చయ్ అనే పేరుతో గర్భ నిర్ధారణ కిట్లను ఆశా కార్యకర్తల ద్వారా ఉచితంగా అందిస్తున్నారు. ఉపకేంద్రంలో, గ్రామ ఆరోగ్య క్లినిక్‌లో ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ) దగ్గర కూడా మూత్ర పరీక్ష చేయించుకోవచ్చు. నాణ్యతలో ఇది షాపు కిట్‌కు తీసిపోదు, పద్ధతి కూడా అదే.

దీనితో వచ్చే పెద్ద లాభం కిట్ కన్నా దాని వెనుక ఉన్న మనిషి. రెండు గీతలు పడగానే పేరు నమోదు చేయించడం, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, తల్లీబిడ్డల కార్డు, మొదటి రక్తపరీక్షలు, అన్నీ అదే చేతి మీదుగా నడుస్తాయి. కాన్పు అయ్యేదాకా ఇంటికి వచ్చి పలకరించే ఆ మనిషి కొత్త కోడలికి చాలా సాయం. అయితే లంక గ్రామంలో ఆశా అంటే చాలాసార్లు వరుసకు వదినో పిన్నో అవుతుంది. కిట్ అడిగిన సంగతి సాయంత్రానికి రేవు దాకా పాకుతుందేమోనన్న భయం ఊరికే పుట్టింది కాదు. పైగా నెలకు కేటాయించిన కిట్లు అయిపోయి ఉండవచ్చు. గోప్యత ముఖ్యమైనవారు, తమ ఊరి షాపులో కూడా అడగలేనివారు, పనిమీద రావులపాలెం, తణుకు, పాలకొల్లు వెళ్ళినప్పుడు అక్కడి షాపులో కొనుక్కోవడం సబబు. ఎవరికి తెలిసినా ఇబ్బంది లేనివారు, ముఖ్యంగా మొదటి కాన్పు వారు, ఆశాను పిలవడమే నా దృష్టిలో మేలైన ఎంపిక.

రక్తపరీక్ష

బీటా హెచ్‌సీజీ పరీక్ష గీత బదులు అంకె ఇస్తుంది. 5 కన్నా తక్కువైతే గర్భం లేనట్టు, 25 కన్నా ఎక్కువైతే ఉన్నట్టు, మధ్యలో ఉంటే రెండు రోజుల తరువాత మళ్ళీ చూడాలన్నట్టు సాధారణంగా చదువుతారు. మూత్రం పలచనైనా, చిక్కనైనా దీనికి తేడా లేదు.

వరద కాలంలో గట్టు మీద నిలబడ్డవారు ఎన్ని అడుగులుందని అడిగి ఊరుకోరు, పెరుగుతోందా నిలకడగా ఉందా అని అడుగుతారు. ఈ అంకెను కూడా అలాగే చదవాలి. ఒకే వారంలో ఉన్న ఇద్దరు ఆరోగ్యవంతులైన గర్భిణుల అంకెల మధ్య పదింతల తేడా ఉండవచ్చు కనుక, పక్కింటి కోడలి రిపోర్టుతో పోల్చుకుని భయపడడంలో అర్థం లేదు. 48 గంటల తేడాతో రెండుసార్లు చేయించినప్పుడు అంకె బాగా పెరిగిందా అన్నదే వైద్యులు చూసేది. తొలి అంకె తక్కువగా ఉన్నప్పుడు రెండు రోజుల్లో కనీసం సగం మేరకైనా పెరగకపోతే గర్భం నిలవడం లేదనో, గర్భాశయంలో కాక ట్యూబులో ఉందనో అనుమానించి ముందుకు వెళతారు. రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించాలి, ఎందుకంటే ల్యాబు మారితే యంత్రం మారి అంకె కూడా కొంత మారుతుంది. చిన్న ఊళ్ళలో రక్తం తీసేది కలెక్షన్ కేంద్రమే, పరీక్ష జరిగేది వేరే నగరంలో. రిపోర్టు ఎప్పటికి వస్తుందో ముందే అడిగి, శనివారం సాయంత్రం ఇచ్చి సోమవారం దాకా నిద్ర మానుకోకుండా చూసుకోండి.

కేవలం కుతూహలం కోసం ఈ పరీక్ష చేయించుకోవద్దని నా సలహా. నెలసరి క్రమంగా వస్తూ, ఏ నొప్పీ లేకుండా, పాత జబ్బులేవీ లేనివారికి వారం ఆగి చూసిన చవక కిట్ చెప్పేదే ఇదీ చెబుతుంది.

స్కానింగ్

దీన్ని నిర్ధారణ కోసం ఎంచుకోవడం తొందరపాటు. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కవేస్తే, లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో సుమారు అయిదో వారంలో గర్భసంచి, ఆరో వారం ప్రాంతంలో గుండె కొట్టుకోవడం కనిపిస్తాయి. పొట్ట మీద నుంచి చేసేదానికి ఇంకో వారం పడుతుంది. అంతకు ముందు వెళితే “ఏమీ కనిపించలేదు” అన్న రిపోర్టు చేతికి వచ్చి, అనవసరపు భయం మొదలవుతుంది. గర్భం ఎక్కడుందో చెప్పగలిగేది మాత్రం ఇదొక్కటే. ఆడా మగా అని అడగడం, చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ప్రతి గర్భిణి స్కానింగ్‌కూ కేంద్రం వారు ఒక ఫారం నింపుతారు, దానికి కంగారు పడనక్కరలేదు.

ఎవరికి ఏది

నెలసరి 28 నుంచి 32 రోజుల్లో క్రమంగా వచ్చేవారు నెల తప్పిన రోజున చూడకుండా మరో నాలుగు రోజులు, ఓపిక ఉంటే వారం ఆగి, ఒక్క మామూలు కిట్ వాడితే చాలు. ఒక్క గీతే వచ్చి నెలసరి కూడా రాకపోతే మూడు రోజులకోసారి కిట్లు మారుస్తూ పోకుండా, వారం తరువాత ఇంకోసారి చూసి, అప్పటికీ ఒక్క గీతే అయితే వైద్యురాలిని కలవాలి. థైరాయిడ్, బరువు, మానసిక ఒత్తిడి, ఇలా నెలసరి ఆగిపోవడానికి గర్భం కాక వేరే కారణాలు చాలా ఉన్నాయి.

నెలసరికి క్రమం లేనివారికి, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవారికి “నెల తప్పిన రోజు” అనే తేదీయే ఉండదు. వారు కలయిక జరిగిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టి చూడాలి. ఈ లెక్క మన ప్రాంతంలో కొందరికి చాలా సులువు. భర్త కువైట్ నుంచి సెలవు మీద వచ్చి వెళ్ళిన ఇంటిలో విమానం ఎక్కిన తేదీ అందరికీ గుర్తుంటుంది. ఆషాఢానికి పుట్టింటికి వచ్చిన కొత్త పెళ్ళికూతురికి బయలుదేరిన రోజు గుర్తుంటుంది. ఆ తేదీకి 21 కలిపితే ఆ రోజు కిట్ చెప్పేదాన్ని చాలావరకు నమ్మవచ్చు. గల్ఫ్ ప్రయాణానికి తామే సిద్ధమవుతున్న స్త్రీలు వైద్య పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది కనుక, అనుమానం ఉంటే అంతకు ముందే చూసుకుని, అక్కడి సిబ్బందికి చెప్పడం మంచిది.

పాలిచ్చే తల్లులకు నెలసరి మొదలుకాక ముందే గర్భం రావచ్చు. నీరసం, వాంతులు, పాలు తగ్గడం వంటివి కనిపిస్తే “ఇంకా ముట్టు రాలేదుగా” అని ఊరుకోకుండా కిట్ వాడాలి.

చికిత్సలో ఉన్న దంపతుల సంగతి వేరు. వారికి హెచ్‌సీజీ ఇంజెక్షన్ పడి ఉండవచ్చు కనుక ఇంటి కిట్ తప్పుడు ఆశ చూపిస్తుంది. వైద్యులు రాసి ఇచ్చిన తేదీన రక్తపరీక్ష చేయించుకోవడం, ఆ తేదీ వరకు ఇంట్లో కిట్ లేకుండా చూసుకోవడం, రెండోది కష్టమే అయినా, మంచిది.

మూర్ఛ, రక్తపోటు, థైరాయిడ్, కీళ్ళవాతానికి మందులు వాడేవారు ఆగకూడదు. నెల తప్పిన రోజునే కిట్ వాడి, ఒక్క గీతే వస్తే మూడు రోజులకు మళ్ళీ చూసి, రెండు గీతలు పడిన రోజే వైద్యులకు చెప్పాలి. మూర్ఛ మాత్రలను మాత్రం తమంతట తామే ఆపకూడదు. కొన్ని మందులు బిడ్డకు హాని చేస్తాయన్నది నిజమే గానీ, ఉన్నట్టుండి ఆపితే వచ్చే మూర్ఛ తల్లికీ బిడ్డకూ ప్రమాదం; మార్చవలసినది వైద్యులే మారుస్తారు.

గతంలో ట్యూబులో గర్భం వచ్చినవారు, కాపర్-టి ఉండగా నెల తప్పినవారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాక నెల తప్పినవారు ఇంటి కిట్‌తో సరిపెట్టుకోకూడదు. రెండు గీతలు పడిన రోజునే రక్తపరీక్షకు, వైద్యులు చెప్పిన రోజున స్కానింగ్‌కు వెళ్ళాలి. ఆపరేషన్ అయింది కనుక గర్భం రాదన్న నమ్మకంతో ఆలస్యం చేసినవారే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

ఈ గర్భం వద్దనుకునే వారికి కూడా ముందుగా తెలియడం వల్ల లాభం ఉంది. 1971 నాటి చట్టం, 2021 సవరణతో, 20 వారాల వరకు ఒక వైద్యుడి అభిప్రాయంతో, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరి అభిప్రాయంతో గర్భస్రావానికి అనుమతిస్తుంది. వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా చెబుతుంది. మాత్రలతో చేసే పద్ధతి 9 వారాల లోపే. చీటీ లేకుండా షాపులో మాత్రలు కొని ఇంట్లో మింగడం మాత్రం వద్దు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు దాన్ని తీయలేవు, రక్తస్రావాన్ని “పని జరిగింది” అనుకుని ఇంట్లోనే ఉండిపోతే ప్రాణం మీదకు వస్తుంది.

రెండు గీతలు పడ్డాక

మొదట ఒక కాగితం మీద ఆఖరి నెలసరి మొదటి రోజు తేదీ రాసుకోండి. కాన్పు తేదీ ఆ రోజు నుంచి 280 రోజులుగా లెక్కవేస్తారు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర అప్పటికే వాడకపోతే, ఆ రోజే మొదలుపెట్టడం గురించి అడగండి. 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి. మొదటి కాన్పుకు అర్హులైనవారికి ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలు వస్తాయి, దానికి కూడా నమోదు ముఖ్యం.

కిట్ రెండు గీతలు చూపినా గర్భం సరైన చోట ఉందని చెప్పినట్టు కాదు. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, చుక్కలుగా రక్తం, భుజం కొనలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా అది రాత్రి అయినా తెల్లవారే దాకా చూడకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేరాలి. లంక గ్రామాల వారికి ఇది మరీ ముఖ్యం. వరద పెరిగే రోజుల్లో పంటులు, నాటు పడవలు ఆపేస్తారు, రేవు ఈవల ఉండిపోయిన మనిషికి అంబులెన్స్ గట్టు మీద ఉన్నా లేనట్టే. కాబట్టి శ్రావణ, భాద్రపదాల్లో రెండు గీతలు చూసినవారు, ముఖ్యంగా ట్యూబు గర్భం చరిత్ర ఉన్నవారు, ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరకముందే నది దాటి, గట్టు మీది ఊళ్ళో పుట్టింటిలోనో బంధువుల ఇంట్లోనో ఉండి, ఆరో వారం స్కానింగ్ అక్కడే చేయించుకుని, నీరు తీశాక ఇంటికి రావడం మంచిది.